తల మునిగే టబ్బు

2023 వేసవి. పీణ్య పారిశ్రామికవాడలోని మా షెడ్డులో పాత బాత్‌టబ్బులు బాగుచేస్తాం. కూలగొట్టే బంగళాల నుంచి పోత ఇనుపవి తెచ్చి, పెచ్చులూడిన ఎనామెల్, అంటే లోపలి గాజులాంటి తెల్లపూత, గీకి కొత్తది వేస్తాం. కొనేవాళ్ళు ఎక్కువగా హోటళ్ళవాళ్ళు.

ఒకరోజు గ్రేస్ అనే నర్సు, వాళ్ళమ్మ రత్నమ్మగారిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆమెకు డెబ్బై దాటాయి, తుంటికి ఆపరేషన్ అయింది. కూతురితోపాటు ఏళ్ళుగా యలహంకలోని చర్చికి వెళ్తున్నా బాప్తిస్మం తీసుకోలేదు. ఇప్పుడు తీసుకోవాలనుకుంటే, అక్కడి నీళ్ళ తొట్టి మెట్లు ఆమె దిగలేరు. తలమీద నీళ్ళు చల్లినా చాలని పాస్టరుగారు అన్నారట.

"చల్లేదానికి నేనేమన్నా తులసి మొక్కనా?" అన్నారు రత్నమ్మగారు. "మునగాల్సిందే. టబ్బు ఉండాదా, లేదా?"

నాకు హుషారొచ్చింది. వచ్చినవాళ్ళకు టబ్బుల కథ చెప్పడం నాకు సరదా. రోల్-టాప్ చూపించాను, గుండ్రంగా మడిచిన అంచు ఉంటుంది, ఒకవైపు వాలు, కుళాయివైపు నిటారు. తర్వాత నా ముద్దుబిడ్డ స్లిప్పర్ టబ్బు. ఒక కొస చెప్పు మడమలా పైకి లేచి, వీపుకు ఆనుడు ఇస్తుంది. కింద ఇనుప గుండ్లను పట్టుకున్న పులిపంజాల్లాంటి కాళ్ళు. "పెద్దవాళ్ళకు ఇదే హాయి" అన్నాను.

"బాప్తిస్మానికి పులికాళ్ళెందుకప్పా?" అంటూనే ఆమె ఎక్కి చూస్తానన్నారు. అంచుమీద చెక్కపలక అడ్డంగా వేసి, దానిమీద కూర్చోబెట్టి, గ్రేస్ ఆమె కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి తిప్పింది. నీళ్ళు లేని టబ్బులో రత్నమ్మగారు వెనక్కి వాలి, పైకప్పు రేకులకేసి చూశారు.

"బాగుండాది. కానీ తల మునగదు కదప్పా!"

నేను ఆమె తలకింద లేచిన వంపు తడిమి చూశాను. తల హాయిగా నీళ్ళపైన ఉండాలనే ఆ వంపు పెట్టారు. ఇన్నేళ్ళలో తల ముంచే టబ్బు కావాలని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. గ్రేస్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది.

షెడ్డు మూలన పాత కుళాయిలు నానబెట్టే డబుల్-ఎండెడ్ ఒకటుండేది. రెండు కొసలూ ఒకేలా వాలుగా, కుళాయి పొడవు అంచుకు మధ్యలో ఉండే రకం. పొడవైనది. దాన్ని ఖాళీ చేసి, అదే పలకతో ఆమెను అందులోకి దించాం. ఆమె పొట్టి మనిషి; మధ్యలో కూర్చుని మోకాళ్ళు మడిచి వాలితే తల అడుగుదాకా వెళ్ళింది. "ఇది!" అని లోపలినుంచే అరిచారు.

టబ్బుకు తెల్లపూత పూశాక అంచు ఇంకా ఎత్తుగా ఉందని కాళ్ళు ఊడదీసి, కింద టబ్బు ఒదిగేలా చెక్క దిమ్మె పెట్టాను. లోపల, జారకుండా, రబ్బరు పరిచాను. అయినా భయమే. ఆమెను పడుకోబెట్టి లేపేటప్పుడు తుంటి జారితే?

ఆదివారం ఉదయం చర్చి ఆవరణలో దించిన టబ్బులో గ్రేస్ గోరువెచ్చటి నీళ్ళు నింపించింది. చుట్టూ జనం పాడుతున్నారు. ఒకవైపు పాస్టరుగారు, ఇంకోవైపు గ్రేస్ పట్టుకున్నారు. నేను టబ్బు అంచు పట్టుకుని నిలబడ్డాను, అంత బరువైన ఇనుము కదలదని తెలిసీ. రత్నమ్మగారు కళ్ళు మూసుకుని వెనక్కి వాలారు. తెల్లచీర ఒక్కసారి ఉబ్బింది, ముఖం నీళ్ళకింద కనబడింది, మరుక్షణం పైకొచ్చింది. ఆమె ఊపిరి పీల్చి పెద్దగా నవ్వారు. పాట చప్పట్లలో కలిసిపోయింది.

"అమ్మా, నొప్పుందా?" అంది గ్రేస్.

"ఏమీ లేదు. ఇంగొంచేపు ఉండనీండి, నీళ్ళు బాగుండాయి."

బాప్తిస్మం కోసం వెనక వరుసలో ఇంకా ఇద్దరున్నారు. వాళ్ళు నవ్వుతూ ఆగారు. ఆమె మోకాళ్ళు చాపుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ, తనకిష్టమైనంతసేపు ఉన్నారు.

ఆ తర్వాత నుంచి టబ్బుల కథతో మొదలుపెట్టడం మానేశాను. "నీళ్ళలో ఏం చేయాలనుకుంటున్నారు?" అని అడుగుతాను. అందరూ ముందు నవ్వుతారు. తర్వాత, కాస్త సిగ్గుపడుతూ, నిజం చెప్తారు.