నల్ల ఇర్రిని వదిలేసిన పొద్దు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జింక అనే మాట ఒక తిట్టు. అన్నం ఒలకబోసినా, చొక్కా చించుకున్నా "నా కడుపున జింక పుట్టినట్టు పుట్టినవ్ గదరా" అనేది మా అమ్మ. లేడి కళ్ళు, లేడి నడక అని పుస్తకాల్లో రాస్తారు. బడికి పోయింది తక్కువైనా, కిరాణా పొట్లాల కాగితాలు మొదలుకొని చేతికి దొరికినదల్లా చదివినవాణ్ణి కాబట్టి ఆ వర్ణనలన్నీ నాకూ తెలుసు. రాసినవాళ్ళలో ఒక్కడైనా జొన్న చేను వేసి ఉంటాడా అన్నది ఇప్పటికీ నా అనుమానం.

మేము కార్ఖానా అనే పేటలో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. చేను మాత్రం అల్వాల్ దాటాక ఉండేది. రాళ్ళ నేల, వాన పడితేనే పంట. ఆ ఏడు తొలకరికి చల్లిన విత్తనం వానలు మొహం చాటేయడంతో మట్టిలోనే మాడిపోయింది. మళ్ళీ విత్తడానికి గింజ లేదు. మా అమ్మ తిండికని దాచిన జొన్నలను కుండ అడుగుదాకా ఊడ్చి మా నాన్న చేతిలో పోసింది. అంటే మా ఇంటి తిండి మొత్తం ఆ మట్టిలోకి పోయింది. ఈసారి వాన పడింది, మొలకలు వచ్చాయి. మొలకల వెనకే జింకలు వచ్చాయి.

ఎద్దు తింటే కడుపుబ్బి చచ్చే లేత జొన్నను అవి నిక్షేపంగా మేసేవి. ఎట్లా అరిగేదో భగవంతుడికే ఎరుక. మా నాన్న డబ్బా కొట్టాడు, రాళ్ళు రువ్వాడు, గడ్డి బొమ్మను నిలబెట్టాడు. జింకలు ఆ బొమ్మ నీడలోనే నిలబడి మేశాయి. చేనులో పల్లానికున్న కింది చెక్క అంతా మంగలి గొరిగినట్టు నున్నగా అయిపోయింది. ఒకరోజు మా నాన్న పురుగుల మందు డబ్బాతో ఇంటికొచ్చాడు. అవి నీళ్ళు తాగే కుంటలో కలిపేస్తానన్నాడు. అరవలేదు, తిట్టలేదు, నెమ్మదిగా అన్నాడు. అదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

మా అమ్మ పరుగున పోయి పక్కింటి టీచరమ్మను తీసుకొచ్చింది. ఆమెది గుంటూరు వైపు. చర్చి బడిలో లెక్కలు చెప్పేది. వాళ్ళ నాన్నగారికి వేట అలవాటు ఉండేదట. ఆయన పోయాక తుపాకీ, దాని లైసెన్సు ఆమె పేరు మీదికి వచ్చాయి. ఇప్పటి చట్టాలు అప్పటికి లేవు, పంట మీద పడిన జింకను కొట్టడానికి అడ్డులేదు. ఆదివారం చర్చిలో పాటలు పాడే ఆడమనిషి తుపాకి పట్టుకుంటుందంటే మా గల్లీలో సగం మంది నమ్మేవాళ్ళు కాదు.

"ఆ కుంటలో నీళ్ళు మీ ఎద్దు తాగదా అన్నయ్యగారూ? మీ పిల్లాడు తాగడా?" అని ఆమె అడిగింది.

"తెల్సు టీచరమ్మా, అన్నీ తెల్సు," అన్నాడు మా నాన్న. "తెల్సి గూడ ఏంజెయ్యాలె, జెర మీరే చెప్పున్రి."

ఆమె డబ్బా తీసుకుని కొంగు కింద పెట్టుకుంది. మా నాన్న వద్దనలేదు. "చేను మోకాలెత్తు అయిందంటే అవి పడుకుంటే కనపడవు. చేసేదేదో ఇప్పుడే, మొలకలప్పుడే చేయాలి," అని మాత్రం అన్నది.

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని చేను గట్టున కూర్చుంది. తుపాకీ తేలేదు. చీకటిపడేదాకా ఊరికే చూస్తూ ఉండిపోయింది. ఇదేం పని అని నాకు విసుగొచ్చింది. మా చేను పక్కన సాగు లేని పడావు భూమిలో ఒక నల్ల ఇర్రి ఉండేది. మగ జింకను మావైపు ఇర్రి అంటారు. మెలి తిరిగిన పెద్ద కొమ్ములు, నిగనిగలాడే వీపు, తెల్లటి కడుపు. మా నాన్న రోజూ శాపనార్థాలు పెట్టేది దాన్నే. దొంగల గుంపుకు సర్దారు అదేనని ఆయన లెక్క.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ చెప్పినట్టు ఎద్దు మూతికి చిక్కం కట్టాం, లేత జొన్న మీద నోరు వేయకుండా. తాడు పట్టుకుని మా నాన్న, ఆయన వెనక నేను, ఎద్దు చాటున తుపాకితో టీచరమ్మ. జింకలకు ఎద్దంటే భయం లేదు. నేరుగా వాటివైపు పోకూడదు, ఎక్కడికో పోతున్నట్టు చుట్టూ తిరుగుతూ దగ్గరపడాలి. మా నాన్నకు ఉద్రేకంతో నోట మాట రావడం లేదు. ఆ నిశ్శబ్దం వాటికి కొత్త. అందుకని ఆమె నాకో పని అప్పగించింది.

"ఒరేయ్ అబ్బాయ్, రోజూ ఎద్దును ఎట్లా తిడతావో అట్లాగే తిట్టు. మర్యాదగా మాట్లాడావంటే వాటికి అనుమానం వస్తుంది."

"నడువ్‌రా, నీ మొఖం మన్నువడ, గాడిద లెక్క నిలవడ్తవేంది!" అని మొదలుపెట్టాను. నా జన్మలో పెద్దవాళ్ళు అడిగి మరీ నాతో తిట్టించింది ఆ ఒక్కరోజే.

ఒక చుట్టు తిరిగేసరికి నల్ల ఇర్రి మాకు అడ్డంగా, రాయి విసిరితే తగిలేంత దగ్గరలో నిలబడి ఉంది. మా నాన్న వెనక్కి తిరిగి గుసగుసలాడాడు. "కొట్టున్రి అమ్మా. గదే. గా నల్లదాన్ని కొట్టున్రి." ఆమె తల అడ్డంగా ఊపి, నడవమని సైగ చేసింది. దాన్ని దాటి వచ్చేశాం. మా నాన్నవైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాను. నోట్లో ముద్ద పెట్టి లాగేసుకున్నట్టుంది ఆయన ముఖం.

రెండో చుట్టులో మా చేలోకే వచ్చాం. అక్కడ గోధుమరంగు కుర్ర ఇర్రులు గుంపుగా మేస్తున్నాయి. ఆమె నడుస్తూ నడుస్తూ చటుక్కున నేల మీద కూర్చుండిపోయింది. మేము ఆగకుండా ఎద్దుతో ముందుకు సాగాం. జింకల కళ్ళు నడిచేవాటి వెంటే వచ్చాయి, కూర్చున్న మనిషి వాటికి కనబడలేదు. తుపాకీ పేలింది. ఒక కుర్రది అక్కడే కూలింది. మిగతావి గాల్లోకి ఎగిరెగిరి పారిపోయాయి. నల్ల ఇర్రి నాలుగు గంతులు వేసి, మళ్ళీ తన పడావు భూమిలోనే నిలబడింది.

మా నాన్న తాడు నా చేతికి విసిరేసి పరుగెత్తాడు. కోపంలో మీరు కాస్తా నువ్వు అయిపోయింది. "సర్దార్‌ను ఇడిశిపెట్టి గీ పోరగాన్ని గొట్టినవా? ఎదురుంగ వచ్చి నిలవడ్తే గూడ ఇడిశిపెట్టినవ్! నా ఇల్లు ముంచినవ్ గదమ్మా!"

ఆమె కత్తి తీసి ఆ జింక కడుపు చీరింది. "రండి, చెయ్యి పెట్టి చూడండి," అన్నది.

మా నాన్న వంగి చెయ్యి పెట్టాడు. పిడికెడు పచ్చటి ముద్ద బయటికి తీశాడు. నమిలీ నమలని జొన్న ఆకులు. అక్కడక్కడ వేళ్ళతో సహా పీకిన మొలకలు, వాటి మొదట్లో ఇంకా అంటుకుని ఉన్న గింజ పొట్టు. మా అమ్మ కుండలోని గింజలు అవి. ఆయన ఆ ముద్దను పట్టుకుని మొలకల మధ్య చతికిలబడి ఏడ్చాడు. మా నాన్న ఏడవగా నేను చూడటం అదే మొదలు.

అప్పుడు చెప్పింది ఆమె, మెల్లగా. "నిన్న సాయంత్రమంతా చూశాను అన్నయ్యగారూ. ఆ నల్లది దాని జాగా వదలదు. ఈ కుర్రవాటిని అటు రానివ్వకుండా తరుముతూనే ఉంది. దాన్ని తీసేశామనుకోండి, ఆ జాగా కోసం ఊళ్ళో ఉన్న పోకిరీలన్నీ ఇక్కడే చేరతాయి. కొట్లాట అక్కడ, మేత మీ చేలో."

ఆ రోజు మా ఇంట్లో మాంసం కూర ఉంది, రొట్టెకు పిండి లేదు. ఉత్త కూర తింటుంటే మా అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. టీచరమ్మ మరికొన్ని పొద్దులు బడికి ముందు మాతో వచ్చింది. కుర్ర గుంపు చెదిరిపోయింది. నల్ల ఇర్రి మా చేలో ఒక్క ఆకు కూడా కొరకలేదని నేను ప్రమాణం చేయను. కానీ దాని జాగా అంచున ఉన్న పై చెక్క బతికింది. కింది చెక్కలో ఒక్క కంకి రాలేదు. ఆ ఏడాదంతా జొన్న రవ్వతో కాచిన పలచటి గట్క తాగి గడిపాం, అయినా గడిపాం. మా నాన్న ఆ తర్వాత నల్లదాని మీద రాయి విసరలేదు. దాన్ని మెచ్చుకోనూ లేదు.

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. అన్యాయం చూసి కోపం రానివాడు మనిషెట్లా అవుతాడు? మొన్న మా గల్లీలో ఒకరింట్లో నీళ్ళ మోటారును ఎవరో ఎత్తుకుపోయారు. పొద్దున్నే కళ్ళెదుట కనబడ్డాడని కూరగాయల బండివాడి కాలరు పట్టుకున్నారు, బాగా చదువుకున్నవాళ్ళే. కర్ర ఊతంతో మధ్యలోకి పోయి, ఎప్పటిదో మా నాన్న గొంతుతో అరిచాను.

"ఎవని కడుపుల జొన్న ఉన్నదో ముందు చూడుండ్రి!"

ముసలాయనకు మతి తప్పిందనుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయితేనేం, కాలరు మాత్రం వదిలారు.