రాయి మీద వేసిన తప్పు

నా చిన్నప్పుడు పెద్దవాళ్ళ నడుములు తొక్కడం పిల్లల పని. మార్కాపురం పలకల గనుల పక్కన ఉండేది మా పేట. పొద్దున్నే గనికి పోయిన మగవాళ్ళు పొద్దుగూకే వేళకు ఒళ్ళంతా రాతిపొడితో ఇంటికి వచ్చి, నీళ్ళు పోసుకుని, చాప పరుచుకుని బోర్లా పడుకునేవారు. ఇంట్లో బరువు తక్కువ ఉన్న పిల్ల ఒకతె వాళ్ళ వీపు మీదికి ఎక్కి, గోడ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ నడవాలి. మా ఇంట్లో ఆ పిల్లను నేనే. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. తెల్లదొరల కాలం. మా ఊరు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది, పైన మద్రాసు సర్కారు.

మా నాయన గని గుంతలో బండలు ఎత్తే మనిషి. పలక రాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెట్టి విడదీసిన బండను పగలకుండా ఎత్తి, మెట్ల మీదుగా పైకి చేర్చాలి. పైన షెడ్డులో దాన్ని పలుచగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తే బళ్ళో పిల్లలు రాసుకునే పలక అవుతుంది. బండ ఎత్తడంలో మా నాయనకు పేరుండేది. కొత్తగా పనిలోకి వచ్చిన వాళ్ళను మేస్త్రీ ముందు ఆయన దగ్గరికే పంపేవాడు. మోకాళ్ళు వంచాలి గానీ నడుము వంచకూడదనీ, రాయిని పొట్టకు ఆనించుకుని లేవాలనీ, లేచేటప్పుడు పక్కకు తిరగకూడదనీ ఆయన ఎత్తి చూపించేవాడు. మాకు సెంటు భూమి లేదు. ఆయనకు అక్షరం ముక్క రాదు. ఉన్నదల్లా ఆ పేరే.

వీపు ఎట్లా తొక్కాలో కూడా నాకు ఆయనే నేర్పాడు. వెన్నెముక మీద అడుగు పెట్టకూడదు, దానికి రెండు పక్కలా ఉన్న కండ మీదే నడవాలి. మడమ దించకూడదు, అరికాలంతా ఆనించాలి. నేను బాగా తొక్కుతానని ఆయన నలుగురిలో చెప్పుకునేవాడు.

ఒక సాయంత్రం మా వాకిట్లో పిల్లలం తొక్కుడుబిళ్ళ ఆడుతున్నాం. నేను నాలుగు గళ్ళు గెలిచి ఐదో గడి ముందు ఉండగా నాయన పిలిచాడు. అమ్మ నీళ్ళకు పోయి ఉంది. విసుగ్గానే లోపలికి పోయి ఆయన వీపు ఎక్కాను. బయటినుంచి ఆడపిల్లలు, వస్తావా లేదా, లేకపోతే నీ గళ్ళు చెరిపేస్తామని కేకలు. నేను దిగబోయినప్పుడల్లా నాయన, "ఇంకొంచెం పాపా, ఎడమ పక్క" అంటాడు. అట్లా మూడుసార్లు అన్నాడు. నాకు కోపం వచ్చింది. గడి దాటేటప్పుడు ఎగిరినట్టే రెండు కాళ్ళూ కూడగట్టి ఎగిరి ఆయన నడుము మీద దిగాను. మడమలతో దిగాను. కాలు జారి కాదు, కావాలనే.

నాయన అరవలేదు. నోట్లోంచి గాలి మాత్రం ఒక్కసారిగా బయటికి వచ్చింది. తరవాత, "చాల్లే పాపా. పో, ఆడుకో పో" అన్నాడు. గొంతు సన్నగా ఉంది. అది నొప్పితో వచ్చిన మాట అని నాకు తెలిసింది. తెలిసే పోయాను. ఆ రోజు ఆటలో నేనే గెలిచాను.

మర్నాడు పొద్దున ఆయన లేవలేకపోయాడు. అమ్మ భుజం పట్టుకుని ఎట్లాగో నిలబడ్డాడు గానీ నడుము ఒక పక్కకు, భుజాలు ఇంకో పక్కకు పోయి ఉన్నాయి. అమ్మ హడలిపోయింది.

"ఏమైందయ్యా?"

"నిన్న కింది మెట్టు కాడ బండ ఎత్తేటప్పుడు పట్టింది. పక్కకు తిరిగినా."

"నువ్వా? నువ్వు తిరిగినావా?"

"ఏదో ఏమరపాటున తిరిగినా లే."

ఆయన నా వైపు చూడలేదు. మా అమ్మ చెయ్యి ఎంత దురుసుదో ఇద్దరికీ తెలుసు. నేను గుంజ చాటున నిలబడి, ఆయన చెప్పిన మాట నిజమైతే ఎంత బాగుండునో అనుకున్నాను. రెండు రోజులు పోయేసరికి పేటంతా అదే నిజమని నమ్మింది. ఆయన బదులు అమ్మ గనికి పోవడం మొదలుపెట్టింది, రాతి ముక్కల గంపలు మోయడానికి. సాయంత్రం వచ్చి ఆయన ఏమరపాటును ఎత్తిపొడిచేది. నాయనతో పనిచేసేవాళ్ళు చూడడానికి వచ్చి, నీ అంతటివాడివి బండ తప్పుగా ఎత్తడమేందని ఆశ్చర్యపోయారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆదివారం మా మిషను గుడిలో అయ్యగారు మా నాయన పేరెత్తి, బండ ఎత్తబోయి దెబ్బతిన్న ఆ నడుము బాగుపడాలని ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

మా పక్కింటి అవ్వ నొప్పులకు చెయ్యి వేసేది. భర్త పోయిన మనిషి. ఆ విద్య ఆమెకు అత్తగారి దగ్గర అబ్బింది. బాలింతలకూ, బరువులు మోసి మెడ పట్టినవాళ్ళకూ, చివరికి కాలు బెణికిన గొర్రెపిల్లలకు కూడా ఆమె చెయ్యే. కబురు పెట్టగానే గిన్నెలో ఆముదం వెచ్చబెట్టుకుని వచ్చింది. నాయనను బోర్లా పడుకోబెట్టి ముందు ఏమీ రుద్దలేదు. అరచెయ్యి ఊరికే ఆనించి, కళ్ళు మూసుకుని, నడుమంతా మెల్లగా వెతికింది. ఒకచోట ఆగింది. రెండు వేళ్ళతో అక్కడే గుండ్రంగా తడిమి చూసింది.

"ఇది రాయి ఎత్తితే పట్టిన నొప్పి కాదే" అంది.

"రాయే పెద్దమ్మా" అన్నాడు నాయన, ముఖం చాపకు ఆనించే.

అవ్వ కాసేపు ఆయన తల వంక చూసింది. తరవాత తలెత్తి నా వైపు చూసింది. చెప్పేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం, "నా ఒక్కదాని చేతులు చాలవు గానీ, ఇట్ల రా పాపా. నీ చెయ్యి తే" అంది.

నా చెయ్యి తీసుకుని ఆ చోటునే పెట్టించి, పైన తన చెయ్యి పెట్టింది. నా అరచేతి కింద ఏదో బిగిసిన తాడులాగా తగిలింది. వేడిగా ఉంది. నేను లాక్కోబోతే అవ్వ వదల్లేదు.

"మేకను కోసినప్పుడు చూసినావు గదా, కండ మీద తెల్లగా పలుచటి పొర ఉంటది? మనిషిక్కూడా అంతే. అరికాలు కాడ నుంచి నెత్తి దాకా ఒకటే పొర. ఒకచోట బిగుసుకుంటే ఇంకోచోట లాగతది. అందుకే మీ నాయన పక్కకు ఒరిగినాడు. ఎముక ఏం విరగలా. గట్టిగా నొక్కితే అది ఇంకా బిగుస్తది. చెయ్యి ఆనిచ్చి ఊరుకో. అదే వదుల్తది."

నాయన కింద నుంచి, "రాయీ అంతే పెద్దమ్మా. కొడితే పగుల్తది. అంచు చూసి ఉలి పెడితే దానంతట అదే విడిపోతది" అన్నాడు. ఆయన గొంతులో ప్రాణం వినపడింది. అది విని నాకు ఏడుపు వచ్చింది గానీ ఏడవలేదు.

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం అవ్వ వచ్చేది. నేను ఆమె పక్కన కూర్చునేదాన్ని. ముందు పిక్కలు, తరవాత తొడలు, ఆ తరవాతే నడుము. బొటనవేలు ఆనించి, చర్మాన్ని కొంచెం కొంచెంగా జరుపుతూ, బిగిసిన చోట ఆగి, అది వదిలాకే ముందుకు పోయేది. రుద్దడం అయ్యాక నాయనను గోడకు నిలబెట్టి, మడమలూ వీపూ తలా గోడకు తగిలేటట్టు చూసుకోమని, ఆ నిలుపు చెడకుండా నాలుగడుగులు వేయించేది. మొదట్లో ఆయన భుజం గోడకు జానెడు దూరంలో ఉండేది. రోజులు గడిచేకొద్దీ దగ్గరికి వచ్చింది.

ఆ మధ్యలోనే ఒకరోజు మేస్త్రీ ఇంటికి వచ్చాడు. నాయన గోడ పట్టుకుని నడవడం చూశాడు. వాకిట్లో ఇరుగుపొరుగు వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళ ముందే అన్నాడు.

"కొత్తోళ్ళకు నేర్పేటోడివి, నువ్వే పక్కకు తిరిగితివంటే ఇంక నిన్ను చూసి వాళ్ళేం నేర్చుకుంటారు? నువ్వు గుంతలోకి వద్దులే. నడుము కుదిరినాక షెడ్డులో ఆడోళ్ళతో కూర్చొని పలకలు రుద్దుకో."

నాయన ముఖం రాయిలాగా అయిపోయింది. నాకు నోటిదాకా మాట వచ్చింది. నిజంగా వచ్చింది. "మా నాయన తప్పెత్తలా" అని సగం అన్నాననుకుంటాను. అప్పుడే నాయన నా వైపు తిరిగి, "పాపా, అయ్యకు మంచినీళ్ళు తేపో" అన్నాడు.

నేను పోయాను. ఇన్నేళ్ళయినా నన్ను తొలిచేది ఆ ఎగిరి దూకడం కాదు. అది పసితనపు కోపం. చెంబు పట్టుకుని పెరట్లోకి నడుస్తుంటే నా గుండె తేలికపడింది చూడండి, అదీ నన్ను తొలిచేది. చెప్పాల్సిన పని తప్పిందని నేను సంతోషపడ్డాను. కుండ దగ్గర చెంబు ముంచి, మళ్ళీ ఒంపి, మళ్ళీ ముంచి, కావాలనే ఆలస్యం చేశాను. నేను వచ్చేసరికి మేస్త్రీ వెళ్ళిపోయాడు. నాయన ఆ నీళ్ళు తనే తాగి, చెంబు నా చేతికిచ్చి పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నాయన నడుము మీద నా చేతులు ఆ చోటికి పోలేదు. దానికి పక్కన రుద్దుతూ కూర్చున్నాను. అవ్వ కాసేపు చూసింది.

"అక్కడ కాదు తల్లీ. నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టాలంటే ఎవరికైనా భయమే. పక్కన పొద్దుగూకే దాకా రుద్దినా నీ చేతులు నొప్పులు పుట్టేదే గానీ ఆయనకేం వదలదు."

ఆమె నాయన నడుము గురించే చెప్పిందో, అన్నీ తెలిసే చెప్పిందో నేను ఎప్పుడూ అడగలేదు. నా కన్నీళ్ళు ఆముదంలో పడుతుంటే ఆమె చూడనట్టే ఉండిపోయింది.

ఆ సాయంత్రం గని దారిలో అమ్మకు ఎదురుపోయాను. ఖాళీ గంప చంకన పెట్టుకుని, మెడ తిప్పలేక, ఒళ్ళంతా బూడిదరంగు పొడితో వస్తోంది. దారి మధ్యలోనే చెప్పేశాను. అమ్మ గంప కింద పెట్టింది. దాని పక్కనే కూలబడింది. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. గంప వంకే చూస్తూ, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలా?" అంది. ఆమె కొట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని మేస్త్రీ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. చుట్టూ పనివాళ్ళు వింటున్నారు. మేస్త్రీ పకపకా నవ్వాడు. "పిల్ల దూకితే పడిపోయే నడుము ఇంక రాయేం ఎత్తుతాది?" అన్నాడు. వాళ్ళంతా నవ్వారు. నిజం చెబితే పోయిన పేరు తిరిగి వస్తుందనుకున్నాను. ఉన్న కాస్తా కూడా పోయింది.

ఆ సంగతి తెలిసి నాయన మొదటిసారి అమ్మ మీద గట్టిగా కోప్పడ్డాడు, పసిపిల్లను అంతమందిలోకి ఎందుకు ఈడ్చినావని. నన్ను మాత్రం ఏమీ అనలేదు. నీళ్ళు పోసుకుని చాప పరుచుకున్నాడు. బోర్లా పడుకుని, "పాపా, రా. ఎక్కు" అన్నాడు.

నేను రానన్నాను. అమ్మ కూడా వద్దంది. ఆయన వినలేదు. "నా నడుము సంగతి నాకు తెల్సు. ఎక్కు తల్లీ." గోడ పట్టుకుని ఎక్కాను. నిలబడ్డచోటనే ఏడ్చాను. "ఇంకొంచెం, ఎడమ పక్క" అన్నాడు నాయన. అరికాలంతా ఆనించి ఎడమ పక్కకు ఒక అడుగు వేశాను.

ఆయన నడుము పూర్తిగా సరయింది. చివరిదాకా నిటారుగానే నడిచాడు. కానీ మేస్త్రీ ఆయనను గుంతలోకి మళ్ళీ దిగనివ్వలేదు. ఇరవై ఏళ్ళకు పైగా షెడ్డులో కూర్చుని పలకలు రుద్దాడు. కొత్తవాళ్ళు పని నేర్చుకోవడానికి ఇంకెవరి దగ్గరికో పోయేవారు. వాళ్ళు బండలు ఎత్తుతుంటే ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి, మోకాళ్ళు వంచమని తనలో తను అనుకోవడం నేను చూశాను. ఆ తరవాత మా అమ్మ ఆయనను ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడలేదు. అంతవరకే నేను బాగుచేయగలిగింది.

పెళ్ళయి గిద్దలూరు పక్కకు వచ్చాక, అవ్వ నేర్పిన విద్య నాతో వచ్చింది. ఎనభై దాటిన ఈ చేతుల్లో బలం లేకపోయినా ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నొప్పి ఎక్కడ అని అడుగుతాను. సరిగ్గా అక్కడే చెయ్యి ఆనించి, అది వదిలేదాకా కూర్చుంటాను. ఎట్లా వచ్చిందని మాత్రం ఎవరినీ అడగను. వాళ్ళంతట వాళ్ళు ఏది చెబితే అదే నిజమంటాను. నేను అడిగితే, ఇంట్లో ఎవరినో కాపాడుకోవడానికి ఒక మంచి మనిషి అబద్ధం ఆడాల్సి వస్తుందేమోనని నా భయం. ఒకసారి ఆడించాను. నా బతుకంతటికీ అది చాలు.