అడిగారా మామయ్య

ఆ దీవి రేవులో లాంచీల తాళ్లు కట్టే మనిషికి ఒకటే పిచ్చి. ఎవరు ఫోటో తీయబోయినా అరచెయ్యి అడ్డం పెట్టి, "అడిగారా?" అనేవాడు. దాంతో దీవి మొత్తానికీ ఆయన అడిగారా మామయ్య అయిపోయాడు. రేవు పక్కనే యాత్రికులకు గదులు అద్దెకిచ్చే ఆమెకు మాత్రం నిజంగానే మేనమామ. అదీ ఆమె ఖర్మ.

వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ని తీయబోతే ఆయన్ని అడగాలి. స్నానాలు చేసే పిల్లల్ని తీయబోతే వాళ్లమ్మని అడగాలి. మేకని తీయాలన్నా మేక గలవాళ్లని అడిగి రావాలి. ఒకాయన ఒళ్లు మండి, అస్తమించే సూర్యుణ్ణి తీయాలంటే ఎవర్నడగాలని నిలదీశాడు.

"సూర్యుణ్ణి తీసుకోండి. మధ్యలో నా తలకాయ ఉంది, దానికి నన్నడగండి," అన్నాడు మామయ్య.

యాత్రికులు ఇంటికి తీసుకెళ్లిన ఫోటోల్లో సముద్రం కన్నా ఆయన అరచెయ్యే ఎక్కువ. తిట్లన్నీ మేనకోడలి నెత్తిన పడేవి. ఆ చేతిని కాస్త జేబులో పెట్టుకోమని బతిమాలింది. ఆయన బుద్ధిగా తలూపాడు, మర్నాడు రెండో చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ ఏడాది వర్షాల్లోనే, చేపలకు వెళ్లిన ఆమె భర్త పడవ తిరిగి రాలేదు. గాలివాన వెలిసిన పొద్దున జాలర్లు అతని శవాన్ని ఒడ్డుకు తెచ్చారు. అతనికి తెడ్డు పట్టడం నేర్పింది మామయ్యే. ఆమె జుట్టు విరబోసుకుని రేవు మెట్ల మీద పడి ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడే యాత్రికుల లాంచీ వచ్చి ఆగింది. ఒక్కసారిగా ఫోన్లు పైకి లేచాయి. మామయ్యకున్నవి రెండే చేతులు.

ఈసారి ఆయన అడిగారా అనలేదు. లాంచీలోని ఓ పాప టోపీ లాక్కుని నెత్తిన పెట్టుకుని, బోసినోరు తెరిచి, ఒంటికాలి మీద గెంతుతూ, "నన్ను తీయండి బాబూ, అడగక్కర్లేదు," అన్నాడు. నవ్వుతూ ఫోన్లన్నీ అటు తిరిగాయి. అలా గెంతుతూనే జనాన్ని రేవు ఆ చివరకు లాక్కుపోయాడు. శవం పక్కన ఆ కుప్పిగంతులు చూసి ఆమెకు కడుపు రగిలిపోయింది. నెలల తరబడి ఆయనతో మాట్లాడలేదు.

ఆనాటి యాత్రికురాలొకామె ఆ పొద్దుటి ఫోటోలన్నీ పంపేదాకా అంతే. మేనకోడలు ఒక్కొక్కటే చూసింది. దేంట్లోనూ తను లేదు, తన భర్తా లేడు. అన్నిట్లోనూ మామయ్యే, రిబ్బను పువ్వుల టోపీలో, చెంపల మీద కన్నీళ్లు కారుతూ. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఆ టోపీని మళ్లీ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఒక ఫోటోకి పటం కట్టించి గుమ్మం పక్కన తగిలించబోతుంటే అడ్డంగా అరచెయ్యి వచ్చింది.

"అడిగావా?"

"అడుగుతున్నా మామయ్యా. పెట్టుకోనా?"

ఆయన చెయ్యి దించి, పటాన్ని కాసేపు చూశాడు.

"ఇన్నేళ్లకి నన్ను ఒక్కరడిగారు," అని సుత్తి అందుకుని మేకు తనే కొట్టాడు.