నాన్న తగ్గించిన తొమ్మిది వేలు

మా నాన్న కూరగాయల బండి దగ్గర బేరమాడటం మానేసిన రోజు నాకు బాగా గుర్తుంది. నరసరావుపేటలో మా వీధిలోకి రోజూ పొద్దున్నే ఒకామె తోపుడు బండి తోసుకుంటూ వస్తుంది. కిలో టమాటా ఎంతమ్మా అని అడిగాడు నాన్న. ఆమె చెప్పింది. నాన్న జేబులోంచి డబ్బు తీసి, చెప్పినంతా ఇచ్చేశాడు. ఆమే తికమకపడి, అడక్కుండానే గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచిలో వేసింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు గుండె కలుక్కుమంది.

గురజాల దగ్గర మా ఊళ్ళో ఎవరు ఎద్దులు కొనాలన్నా, గేదెను తోలుకు రావాలన్నా నాన్నని వెంటబెట్టుకుని సంతకి వెళ్ళేవాళ్ళు. ఆయన దళారీ కాదు. పైసా పుచ్చుకునేవాడు కాదు, మహా అయితే ఒక టీ. పశువు పళ్ళు చూసి, ఒంటి మీద సుడులు చూసి, నాలుగు అడుగులు నడిపించి, అప్పుడు భుజం మీద తువాలు తీసి అమ్మేవాడి చేతి మీద కప్పేవాడు. ఆ తువాలు కింద ఇద్దరి చేతులూ కలుసుకునేవి. వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవటం అక్కడి పద్ధతి. ఒక్కో వేలికి ఇంత, గుప్పిటకి ఇంత. చుట్టూ ఎంతమంది మూగినా అంకె మాత్రం ఆ ఇద్దరికే తెలిసేది. చిన్నప్పుడు నేను పక్కనే నిలబడి తువాలు కదలటం చూసేదాన్ని. పెద్దయి లెక్కల టీచర్‌నయ్యాక కూడా ఆ లెక్క నాకు అంతుపట్టలేదు.

అలాంటి మనిషిని మిరప విత్తనాలు పడగొట్టాయి. మూడేళ్ళ కిందట ఒక కొత్త రకం బాగుందని నమ్మి తను కొన్నాడు. ఆయన కొన్నాడని మరో అయిదుగురు కొన్నారు. చెట్లు నడుమెత్తు పెరిగాయి, కాయ మాత్రం పడలేదు. ఆ అయిదుగురూ ఆయన్ని ఒక్క మాట అనలేదు, అదే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. తిట్టినా బాగుండేదమ్మా అన్నాడు ఒకసారి. అమ్మ అంతకు ముందే పోయింది. పొలం కౌలుకిచ్చి నా దగ్గరికి వచ్చేశాడు. ఎవరైనా ఫోన్ చేసి సంతకి రమ్మంటే, "నా కళ్ళు పోయినయ్ రా, ఇంకెవరినైనా తీసుకుపో" అనేవాడు. కళ్ళకి ఏమీ కాలేదు. పేపర్లో సన్న అక్షరాలు కూడా చదువుతాడు.

ఈ పరిస్థితిలో నాకు కారు కొనాల్సి వచ్చింది. బదిలీ మీద వెళ్ళిన స్కూలుకి రెండు బస్సులు మారాలి, నా మోకాళ్ళు బస్సు మెట్లకి ఎప్పుడో దణ్ణం పెట్టేశాయి. డ్రైవింగ్ నేర్చుకున్నాను. మా ఆయన చిలకలూరిపేటలో నూలు మిల్లులో పని చేస్తాడు, ఆయనకి సెలవు దొరకదు. కాబట్టి గుంటూరు రోడ్డులో ఉన్న షోరూంకి నేనే నాలుగు సార్లు తిరిగి, వాదించి, అలిగి లేచొచ్చి, మళ్ళీ వెళ్ళి, మొత్తానికి అన్నీ కలిపి ఏడు లక్షల ఎనభై వేలకి ఖాయం చేసుకున్నాను. ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళకి బేరాలు కుదరవంటారు గానీ, నాకు కుదిరింది.

బయటికి వస్తూ వస్తూ, మెట్ల మీద ఆగిపోయాను. నాకో ఆలోచన వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది గానీ, ఆ క్షణంలో అంత గొప్ప ఆలోచన ఇంకోటి లేదనిపించింది. వెనక్కి వెళ్ళి ఆ సేల్స్ అతనితో చెప్పాను. ముప్పై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు.

"రేపు మా నాన్నని తీసుకొస్తాను. మీరు మొదట్లో నాకు చెప్పిన ఎనిమిది లక్షల అయిదు వేలే చెప్పండి. ఆయన బేరమాడతాడు. కొంచెం కొంచెంగా తగ్గించి ఎనభైకి దిగండి. ఆయనే తగ్గించినట్టు ఉండాలి."

అతను నా వైపు చూసి నవ్వాడు. "పెంచి చెప్పమని అడిగిన మొదటి కస్టమరు మీరేనండి మేడం" అన్నాడు. సరేనన్నాడు.

నాన్నని బయల్దేరదీయటమే పెద్ద పని అయింది. "నేనెందుకే, మోసపోయే మొహం నాది. మీరు చదువుకున్నోళ్ళు, మీరు చూసుకోండి" అన్నాడు. రంగు చూద్దువుగాని రమ్మని బతిమాలి ఆటో ఎక్కించాను. ఉతికిన తువాలు భుజాన వేసుకుని వచ్చాడు.

షోరూంలో అద్దాల మధ్య, ఆ చల్లదనంలో, నాన్న మొదట కొంచెం ముడుచుకున్నట్టే ఉన్నాడు. తర్వాత కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వంగి కింద చూశాడు. సేల్స్ అతను టచ్ స్క్రీన్ చూపించబోతే, "అది మా అమ్మాయికి చూపించు నాయనా" అన్నాడు. అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. నేను ముందే అనుకున్న మాట అన్నాను.

"రేటు సంగతి మా నాన్నతోనే మాట్లాడండి. ఆయన ఎంతంటే అంత."

నాన్న నా వైపు చురుగ్గా చూశాడు. తర్వాత అడిగాడు.

"ఎంతంట?"

"ఎనిమిది లక్షల అయిదు వేలు బాబాయ్, అన్నీ కలిపి."

"చానా ఎక్కువ."

అంతే అన్నాడు. సేల్స్ అతను కాలిక్యులేటర్ మీద ఏవో నొక్కి, నా వైపు చూసి, పది వేలు తగ్గించాడు. అతను మళ్ళీ నా వైపు చూసి ఇంకో పది తగ్గించాడు. నాన్న తువాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇంకో అయిదు తగ్గింది. ఏడు లక్షల ఎనభై వేలని రాసిన ధరల కాగితం అతను నా ముందుకి జరిపాడు. నాకు లోపల ఎంత సంబరమో చెప్పలేను. రెండు మాటలతో పాతిక వేలు తగ్గించిన మనిషి ఇక రేపటి నుంచి టమాటా బండామెని వదులుతాడా అనుకున్నాను. ఇంక లేచి సంతకం పెట్టటమే అని పెన్ను కూడా తీశాను.

"ఉండవే" అన్నాడు నాన్న. తువాలు భుజం మీద నుంచి తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ కాగితం చదువు. మొత్తం కాదు, ఒక్కో లైను."

ఇంగ్లీషులో ఉన్న ఆ ధరల కాగితం నేను చదవటం మొదలుపెట్టాను. బండి ధర, రోడ్డు టాక్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, హ్యాండ్లింగ్ చార్జీలు తొమ్మిది వేలు.

"అదేంది, ఆ చివరిది?"

సేల్స్ అతను చెప్పాడు. "బండిని గోడౌను నుంచి ఇక్కడికి తేవాలి, కడగాలి, డెలివరీకి రెడీ చెయ్యాలి గదా బాబాయ్. ఆ ఖర్చు. అందరి దగ్గరా తీసుకుంటాం."

నాన్న కుర్చీలో ముందుకి జరిగాడు. గొంతు పెంచలేదు.

"చూడు నాయనా. నలభై ఏళ్ళు మిరపకాయలు మార్కెట్ యార్డుకి తోలాను. లారీ కిరాయి నాది. హమాలీ కూలి నాది. తూకంలో తరుగు పోయేదీ నాదే. ఏందయ్యా ఇదంతా అంటే, సరుకు అమ్మేవాడే పెట్టుకోవాలన్నారు. సరే, అది న్యాయం అనుకున్నాను. మరి ఇయ్యాల నేను కొనేవాణ్ణి, అమ్మేవాడివి నువ్వు. సరుకు తెచ్చిన ఖర్చు నా మీద ఎట్టా వేస్తావు?"

సేల్స్ అతను కాగితం తన వైపు తిప్పుకుని ఆ లైను చూశాడు. నాలుగు రోజులు తిరిగి ఆ షోరూంతో కొట్లాడిన లెక్కల టీచర్‌ని, కింద ఉన్న మొత్తమే చూశాను గానీ ఆ లైను వైపు కన్నెత్తి చూడలేదు. నాన్న అడుగుతున్నది డబ్బు గురించే అయినా, నాకు వినిపించింది డబ్బు గురించి కాదు. పంట అమ్మినప్పుడు కొనేవాళ్ళు చెప్పిన ధరే, ఏదైనా కొన్నప్పుడు అమ్మేవాళ్ళు చెప్పిన ధరే. తన సరుక్కి తను ఇంత అని ఏనాడూ చెప్పలేకపోయిన మనిషి అడుగుతున్నాడు.

"ఒక్క నిమిషం బాబాయ్" అని అతను మేనేజరు గదిలోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. నాన్న కదలలేదు. అతను తిరిగొచ్చి, కాగితం మీద ఆ లైను కొట్టేశాడు. ఏడు లక్షల డెబ్భై ఒక్క వేలు. సంతకం పెట్టేటప్పుడు నా దగ్గరికి వంగి, "మేడం, ఇది మనం అనుకున్న దాంట్లో లేదు" అన్నాడు మెల్లగా. నవ్వలేదు కూడా.

బయట టీ కొట్టు దగ్గర నిలబడి మా ఆయనకి ఫోన్ చేశాను. నాన్న ముప్పై నాలుగు వేలు తగ్గించాడు తెలుసా అని, పక్కనున్న ఆయనకి వినపడేలాగే చెప్పాను. నాన్న టీ తాగుతూ రోడ్డు వైపు చూస్తున్నాడు. ఫోన్ పెట్టాక అడిగాడు.

"ముందు ఎంతకి మాట్లాడావే?"

"ఎంతకీ లేదు నాన్నా. నువ్వు మాట్లాడిందేగా."

"ఎనభైకేనా?"

అబద్ధం ఆడటంలో నేను ఎప్పుడూ మొద్దునే. తల ఊపాను.

"వాడు తగ్గించిన ప్రతిసారీ ముందు నీ మొహం చూశాడు" అన్నాడు నాన్న. "అమ్మేవాడు కొనేవాడి మొహం చూస్తాడు గానీ పక్కనున్నోళ్ళ మొహం ఎందుకు చూస్తాడే? నేను బేరం మొదలెట్టకముందే పాతిక వేలు రాలినయ్. ఏ సంతలో రాలతయ్ అట్టా?"

తాతకు దగ్గులు నేర్పబోయాను నేను. సిగ్గుతో చచ్చిపోయాను. నీ బాధ చూడలేక చేశాను నాన్నా అన్నాను. అప్పుడు ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"విత్తనాలోడి దగ్గర మోసపోయాను, నిజమే. వాడు పరాయోడు. నీ దగ్గర కూడా మోసపోతానని ఎట్టా అనుకున్నావమ్మా?"

ఇంటికి వస్తూ ఆటోలో నాకు ఏడుపు వచ్చింది, ఆటో అతను అద్దంలో చూస్తాడని ఆపుకున్నాను. అవమానం చెయ్యాలని చెయ్యలేదు. కానీ చేసింది అవమానమే. ఆయనకి పని రాదని ఊళ్ళో ఎవరూ అనలేదు, నేనే అన్నట్టయింది. ఆయన గెలవలేడని నమ్మాను కాబట్టే గెలుపు కొనిపెట్టబోయాను.

కారు ఇంటికొచ్చాక చూడటానికి వీధిలో వాళ్ళు, మా అత్తగారి వైపు వాళ్ళు వచ్చారు. ఎంత తగ్గించారని మా ఆడపడుచు అడిగింది. నేను నోరు విప్పేలోపే నాన్న అందుకున్నాడు.

"తొమ్మిది వేలు."

"అదేంటి బాబాయ్ గారూ, అన్నయ్య ముప్పై నాలుగన్నాడే?"

"మిగతాది మీ వదిన మాట్లాడింది. నాది తొమ్మిదే."

ఎవరు అడిగినా ఇదే మాట. పాలు పోసే అతనికి కూడా తొమ్మిదే. ఇరవై అయిదు వేలు ఎవరు తగ్గించినా ఇరవై అయిదు వేలే అని నా లెక్క. నేను చేతిలో పెట్టినదాన్ని ఆయన ముట్టుకోలేదు. ఆ తొమ్మిదిని మాత్రం ఎంత నిదానంగా, ఎంత స్పష్టంగా చెప్పేవాడో. ఆ లారీ కిరాయి మాట కూడా చెప్పేవాడు, వినేవాళ్ళు రైతులైతే రెండు సార్లు చెప్పేవాడు.

కొన్నాళ్ళకి ఊరి నుంచి ఒకతను వచ్చాడు. ఆ ఏడు నాన్నని చూసి విత్తనాలు కొన్న అయిదుగురిలో ఒకడు. గేదెను కొనాలి, నువ్వు రావాలి బాబాయ్ అన్నాడు. కళ్ళు పోయాయనే పాత మాట వస్తుందేమోనని నేను వంటింట్లో నుంచే చెవి ఒగ్గాను. నాన్న నన్ను కేకేశాడు.

"ఏమే, ఆదివారం నీ కారు ఖాళీయేనా?"

నేనే నడిపాను. దారి పొడుగునా ఆ ఊరతను వెనక కూర్చుని గేదెల రేట్లు చెబుతూనే ఉన్నాడు, నాన్న ఊ కొడుతున్నాడు. సంత దగ్గర కారు ఆపగానే నేను సీటు బెల్టు తీయబోయాను.

"నువ్వు దిగమాక" అన్నాడు నాన్న. "ఇక్కడే కూర్చో."

ఒక్క క్షణం నాకు చురుక్కుమంది. నా కారు, నా పెట్రోలు, నన్నే దిగొద్దంటాడా అనుకున్నాను. తర్వాత నోరు మూసుకుని కూర్చున్నాను, అది నాకు అలవాటు లేని పని. అద్దంలోంచి చూశాను. నాన్న గేదె పళ్ళు చూశాడు. పొదుగు తడిమాడు. నాలుగు అడుగులు నడిపించమన్నాడు. తువాలు తీసి ఆ గేదెను తెచ్చిన రైతు చేతి మీద కప్పాడు. చుట్టూ పదిమంది మూగారు, తువాలు కొంచెం కొంచెం కదులుతోంది. ఆ రైతు అటూ ఇటూ ఎవరి వంకా చూడటం లేదు, మా నాన్న మొహమే చూస్తున్నాడు.