అంతోనయ్య తపస్సుకాలపు త్యాగం

ఇల్లందులో గని కార్మికులకు ఖాకీ దుస్తులు కుట్టి జీవించే అంతోనయ్య, నడివయసు వరకు తన దగ్గును బొగ్గుదుమ్ముకును, ఆయాసమును వయసుకును ఆపాదించి నిశ్చింతగా ఉండెను. 2006 వర్షాకాలంలో ఖమ్మం వైద్యుడొకరు పరీక్షించి, సదరు వ్యాధి ఉబ్బసమనియు, ఉదయం సాయంత్రం తప్పక ఇన్‌హేలర్ పీల్చవలెననియు తెలియజేశారు. తమ ఇంటా వంటా ఆ రోగం లేదని అంతోనయ్య అభ్యంతరం తెలిపాడు గానీ, వైద్యుడు దానిని పరిగణించలేదు.

ఇన్‌హేలర్ అనగా ఆఖరి దశ మందు అని వీధి వారి అభిప్రాయం. పరామర్శకు వచ్చినవారు ఆయన ముఖం వంక చివరి చూపు చూసి వెళ్లేవారు. అయితే నెల తిరిగేసరికి ఆయన మెట్లు ఎక్కగలిగెను, పాట పాడగలిగెను. కుట్టుమిషను కన్నా ఆ పరికరమే ఆయనకు ప్రియమైనది.

ఆయనకు ఒక గౌరవ పదవి కలదు. ప్రతి శుభ శుక్రవారం, అనగా గుడ్ ఫ్రైడే నాడు, ఆ ఊరి చర్చి పరిధియైన విచారణ ప్రజలు ఊరి బయటి గుట్ట మీదికి సిలువ మార్గం నడిచెదరు. యేసు సిలువ మోసిన ఘట్టాలను తలచుకొనుచు పద్నాలుగు స్థలాల వద్ద ఆగి ప్రార్థించే ఆ ఊరేగింపులో టేకు సిలువను మోయునది అంతోనయ్య ఒక్కడే. ఆ పదవికి జీతం లేదు, పోటీ మాత్రం ఉన్నది. గుడి పాటల బృందంలోని యువకుడు క్రాంతికుమార్ ఆ సిలువ మీద చాలాకాలంగా కన్ను వేసి ఉన్నాడు.

మరుసటి ఏడాది విభూది బుధవారం నాడు ఫాదర్‌గారు, ఆనాటి నుండి ఈస్టరు వరకు సాగే తపస్సుకాలంలో ఎవరికి అత్యంత ప్రియమైనది వారు దేవుని కొరకు మానవలెనని ప్రసంగించారు. గుడి కమిటీ అధ్యక్షుడు శాంతికుమార్ మేకమాంసం మానెదనని ప్రకటించి, కోడిమాంసం అందులోనికి రాదని స్పష్టం చేశాడు. మరొక పెద్దమనిషి చుట్ట మాని బీడీ పట్టాడు. అంతోనయ్య నిజాయితీగా ఆలోచించి ఇన్‌హేలర్ మానెను. ఆయన తర్కంలో లోపం లేదు. లోపం ఊపిరితిత్తులలో ఉన్నది. కమిటీ వారు ఆ త్యాగాన్ని మిక్కిలి కొనియాడారు.

మూడో వారంలో జేబు కుట్టుచుండగా ఆయనకు మాట ఆగి, ఛాతీలో పిల్లికూతలు మొదలైనవి. భార్య సంపూర్ణ ఆటోలో దవాఖానాకు చేర్చగా, ముఖానికి మాస్కు తగిలించి మందు పట్టారు. మందు ఎప్పటి నుంచి ఆపాడని డాక్టరమ్మ అడిగింది.

“విభూది బుధవారం నుంచి మేడమ్. దేవునికి ఇచ్చిండు.”

“దేవునికి ఉబ్బసం ఉందా అమ్మా?”

ఇంటికి వచ్చిన పిమ్మట కోలుకొనుట నిదానంగా సాగెను. మొదట గడప వరకు, తరువాత వీధి మలుపు వరకు నడిచెను. సంపూర్ణ పోపు పెట్టినపుడెల్ల ఆయనను వాకిట్లోకి పంపేది. రెండు పూటలా ఎదుట నిలబడి ఇన్‌హేలర్ పీల్పించి, నోరు పుక్కిలింపజేసేది. ఇంతలో కమిటీ వారు హార్లిక్స్ సీసాతో విచ్చేసి, ఆయన త్యాగమును అభినందిస్తూ, ఆరోగ్య కారణముల రీత్యా సిలువను క్రాంతికుమార్‌కు అప్పగించినట్లు తెలియజేశారు.

మోస్తే గుట్ట పైదాకా తానే మోసెదననియు, లేనియెడల ఇల్లు కదలననియు అంతోనయ్య భీష్మించెను. సంపూర్ణ చేట కింద పెట్టింది.

“యేసుప్రభువే అయిదో స్థలంల సీమోనుకు ఇచ్చిండు సిలువ. ఆయనకు లేని నామోషీ నీకేంది?”

అయిదో స్థలం వరకు అంతోనయ్య, ఆపైన క్రాంతికుమార్ మోయునట్లు కమిటీ వారు ఫాదర్‌గారికి విన్నవించారు. ఫాదర్‌గారు వెంటనే ఆమోదించారు. గుట్ట ఎక్కే ముందు పీల్చవలసిన మందు ఏదో డాక్టరమ్మ చెప్పి పంపింది.

శుభ శుక్రవారం నాడు అంతోనయ్య అందరి ఎదుట మందు పీల్చి, సిలువ ఎత్తెను. ఆగుతూ ఆగుతూ అయిదో స్థలం చేర్చి, దానిని క్రాంతికుమార్ భుజానికి మార్చి, బండ మీద కూర్చుండెను. ఆరో స్థలం పాట ఆ బండ మీది నుండే, ఆయన గొంతున తెగకుండా వినవచ్చినది. పిదప ఆయన తీరికగా గుట్ట పైకి చేరెను.

పైన క్రాంతికుమార్ సిలువను ఆనించి రొప్పుచుండెను.

“అన్నా, నీ పంపు ఒక్కసారి ఇయ్యరాదే.”

“దేవునికి ఇచ్చిందే వాపస్ తెచ్చుకున్న తమ్మీ. నీకెట్ల ఇస్త?”

ఆ మరుసటి ఏటి నుండి సిలువ అయిదో స్థలం వద్ద చేతులు మారుచున్నది. ఇది తమ విచారణలో అనాదిగా ఉన్న ఆచారమని కమిటీ వారు చెప్పుచున్నారు.