పింకీకి నేను పెట్టిన పరీక్ష

జహనుమా బస్తీ ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, పదో తరగతి మూడుసార్లు తప్పిన నేను ఈ రోజు ఒకరికి పరీక్ష పెట్టాను.

మా అక్క కూతురు స్వాతిది అయిదో తరగతి. బడి ప్రాజెక్టుకు బొమ్మలు కావాలంటే సాయంత్రం నెట్ సెంటర్‌కు తీసుకెళ్లాను. చాయ్ తాగి వచ్చేసరికి బొమ్మలు లేవు, చాటింగ్ నడుస్తోంది.

“ఎవరే గీ పింకీ?”

“నా దోస్తు మామా. హుస్సేనీ ఆలం బడిల నా లెక్కనే అయిదో తరగతి. రేపు బడి విడిచినంక మా బడి గేటు బయటికి ఒక్కదాన్నే రమ్మన్నది. ఇంట్ల చెప్పొద్దన్నది.”

“ఎన్నడన్న మొఖం చూసినవా?”

“చాటింగ్‌ల మొఖమెట్ల కనబడ్తది? నీకేం తెల్వదు మామా.”

కుర్చీ లాక్కుని, స్వాతి రాస్తున్నట్టే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను: “మీ బడిలో రంగమ్మ ఆయా ఇంకా చెవులు మెలిపెడుతోందా?”

జవాబు వచ్చింది: “అవును, ఈ రోజు నా చెవి కూడా మెలిపెట్టింది.”

“చూసినవా మామా, పింకీ నిజంగనే ఉన్నది!” అని స్వాతి చప్పట్లు కొట్టింది.

నేను కొట్టలేదు. ఆ మాటలన్నీ ప్రింట్ తీయించి అక్క చేతిలో పెట్టాను. రేపు ఆ గేటు దగ్గర బావా నేనూ నిలబడతాం.

మీ పిల్లల నెట్ దోస్తుల పేర్లు మీకు తెలుసా? ఇప్పుడే అడిగి ఈ పోస్టు కింద రాయండి.

అన్నట్టు, రంగమ్మ ఆయా ఎవరో నాకూ తెలియదు. ఆమెను ఆ కుర్చీలో కూర్చున్నాకే పుట్టించాను.