సజ్జచేనుకు కాపలా కాసిన డిస్కు

2022. బెళుగుప్పలో గంగాధరన్న డీటీపీ సెంటరు. పెళ్లికార్డులు కంపోజ్ చేసి అచ్చు వేస్తాడు. నేను అనంతపురం నుంచి మండలాలు తిరుగుతూ కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. ఆయన కంప్యూటర్‌కు పన్నెండేళ్లు. మనుషుల్లో అయితే ఏడో తరగతి, కంప్యూటర్లలో ముత్తాత. ఆయన తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లోనే నడుస్తుంది. ఆ విండోస్ ఆ ఉదయం పోయింది.

"రేపు పొద్దున పెండ్లోళ్లు తొలికార్డు దేవుని ముందర పెట్టాలంట. ఈపొద్దు అచ్చు కాకపోతే ఇంగో సెంటరుకు పోతామంటాండారప్పా," అన్నాడు. పెళ్లికొడుక్కి కూడా అన్ని చెమటలు పట్టి ఉండవు.

విండోస్ మళ్లీ ఎక్కించడానికి డిస్కు అడిగితే ఒక డబ్బా ఇచ్చాడు. దాని మీద స్కెచ్‌పెన్నుతో 'విండోస్' అని ఉంది. లోపల ఏమీ రాయని తెల్ల డిస్కు. నకళ్లకు అలవాటుపడ్డ కళ్లు కదా, నాకు అనుమానం రాలేదు. పెట్టాను. బూట్ కాలేదు. బయోస్‌లోకి వెళ్లాను, కంప్యూటర్ లేవగానే ముందు ఎక్కడ వెతకాలో చెప్పే చోటు అది. ఆ వరుసలో డిస్కు డ్రైవును మొదట పెట్టాను. లాభం లేదు. లెన్సు తుడిచాను, కేబుల్ మార్చాను, నా సంచిలోని డ్రైవు బిగించాను. తెర మీద ప్రతిసారీ ఒకటే మాట: బూట్ డిస్కు పెట్టండి.

"పెట్టినాం కదప్పా!" అని గంగాధరన్న తెరను కసిరాడు. అది పట్టించుకోలేదు.

రెండు గంటల తర్వాత, మదర్‌బోర్డు పోయిందని గంభీరంగా ప్రకటించే ముందు, ఎందుకైనా మంచిదని ఆ డిస్కును నా లాప్‌టాప్‌లో పెట్టాను. బాజాలు మోగాయి. తెర మీద గంగాధరన్న, బాగా సన్నగా, తలంబ్రాలు పోస్తున్నాడు.

"ఇది నా పెండ్లి!"

"బూట్ కానిది అందుకేన్నా," అన్నాను. "మరి విండోస్ డిస్కు ఏదీ?"

వాకిట్లో కూర్చున్న వాళ్ల నాయన తల లోపలికి పెట్టాడు. "రంగులు మెరిసే డిస్కా? అది సజ్జసేన్లో ఉండాది. పిట్టలు మేస్తాండాయని పది దినాల కిందట కట్టినా."

"ఇన్ని డిస్కులుంటే అదే దొరికెనా నాయనా?"

"అన్నీ చూసినా. దానంత మెరిసేది ఇంగోటి లేదు. డబ్బా ఖాళీగా ఎందుకని నీ పెండ్లిది అందులో పెట్టినా."

ఒరిజినల్ డిస్కు మీద హోలోగ్రామ్ ఉంటుంది, నకలు కాదని గుర్తుపట్టడానికి. మనుషులం ఎవరమూ దాన్ని చూడం. పిట్టలు చూశాయి.

బైకు మీద చేనుకు వెళ్లాం, ముగ్గురం. రెండు కర్రల మధ్య దారానికి వేలాడుతూ విండోస్ గాలికి తిరుగుతోంది. పెద్దాయన అడ్డం నిలబడ్డాడు. "దాన్ని తీస్తే నా సజ్జలకు ఎవరప్పా దిక్కు?"

పెళ్లి డిస్కు ఇంకా నా సంచిలోని లాప్‌టాప్‌లోనే ఉంది. వీడియోను అందులోకి ఎక్కించుకుని, ఆ డిస్కును అదే దారానికి కట్టాం. "దీనికి యాడుండాది మెరుపు?" అని పెద్దాయన గొణిగాడు. "మీ వదినకు చెప్పొద్దు," అన్నాడు గంగాధరన్న నాతో.

విండోస్‌ను సబ్బుతో కడిగి పెడితే మొదటిసారికే లేచింది. సాయంత్రానికి తొలికార్డు అచ్చయింది.

అప్పటినుంచి నేను డబ్బా మీది రాతను నమ్మను. ముందు డిస్కులో ఏముందో చూస్తాను. బయోస్ ఎక్కడికీ పోదు.

కోతలయ్యాక పెద్దాయన కనిపిస్తే సజ్జలెట్లా పండాయని అడిగాను.

"బాగా పండినాయప్పా. మావోని పెండ్లికి ఒగ పిట్టా రాలేదు."